“అందఱు” అను మాట

(గ్రంథాలయ వార్షికసభయందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయమునకు నేను ఇరువది సంవత్సరములుగా సేవకుడను. పుస్తకములకు అట్టలు వేయుట మొదలు చందాలు వసూలు చేయుటవఱకు అన్ని పనులును చేసినవాడను. ఉపన్యాసకుడుగా ఈ వేదికపై నిలుచుట మాత్రము నాకు క్రొత్త. అయినను ఈనాడు మాటాడుటకు ఒక కారణము కలదు. విద్యార్థుల వక్తృత్వపు పోటీకొఱకు ప్రపంచనాయకుల ప్రసంగములను ఏరి యొక పట్టిక తయారు చేయగా, అందు బ్రిటిషు ప్రధానమంత్రి విన్‌స్టన్ చర్చిల్ ప్రసంగములును చేరినవి. “మన దేశమును చెఱలో నుంచిన సామ్రాజ్యమునకు వకాల్తా పుచ్చుకొన్నవాని మాటలను మన పిల్లలచేత వల్లె వేయింతుమా? ఆ పుస్తకమును బీరువానుండియే తీసివేయుడు” అని కార్యవర్గములో కొందఱు పట్టుబట్టిరి. “మంచి మాటకు దేశమేమి, జాతి యేమి?” అని మఱికొందఱనిరి. తగవు తీర్చుమని నాకు అప్పగించిరి. వకీలునకు అప్పగించిన తగవు త్వరగా తీరదని తెలిసియు అట్లు చేసిరి గనుక, ఈ దినమున మీ కాలమును కొంత తీసికొనుటకు నన్ను మన్నింపుడు.

నాకును ఈ ప్రసంగములకును పాత పరిచయము కలదు. కళాశాలలో చదువుకొను దినములలో ఇట్టి పోటీయందే చర్చిల్ ప్రసంగమొకటి అప్పజెప్పి బహుమానము పొందితిని. ఆ గర్వముతో ఇంటికి వచ్చి మా తాతగారి యెదుట మఱల చదివితిని. ఆయన 1942వ సంవత్సరమున చదువు విడిచి ఉద్యమమున చేరి, రాజమహేంద్రవరము చెఱసాలలో కొన్ని మాసములు గడపినవారు. కన్నులు మూసికొని తుదివఱకును వినిరి. విని, “బాగుందిరా అబ్బాయీ, గుండెధైర్యం ఉన్నవాడి మాట. కాని ఆయన స్వేచ్ఛ అందరిదీ అన్నాడే, ఆ అందరిలో నేనున్నానా?” అని అడిగిరి. బహుమానము చేత పట్టుకొని నేను మాటలేక నిలిచితిని. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటకు నాకు ఇన్ని యేండ్లు పట్టినది.

మొదట ప్రతివాదికి చెందవలసిన న్యాయము చెల్లింపవలెను. 1940 జూన్ 4వ తేదీనాడు చర్చిల్ కామన్సు సభలో మాటాడునప్పటికి డంకర్కు తీరమునుండి మూడు లక్షల ముప్పదియెనిమిది వేల సైనికులు ప్రాణములతో బయటపడియుండిరి, ఫ్రాన్సు కూలిపోవుచుండెను, హిట్లరుతో రాజీపడుట మేలని లండనులో పెద్దవారే తలపోయుచుండిరి. అట్టి గడియలో పోరాటము విడువమని చెప్పుటకు సామాన్యధైర్యము చాలదు. నాజీలు గెలిచియుండినచో లోకమునకు కలుగబోవు చీకటిని గాంధీజీయు, నెహ్రూయు కూడ ఎఱిగియే యుండిరి. ఆ చీకటికి అడ్డుపడిన వారిలో ఈయన ముందు నిలిచెను. ఈ సత్యమును కాదనినవాడు చరిత్ర చదువలేదన్నమాట.

కాని ఆ ప్రసంగపు తుదివాక్యమును మెల్లగా చదువుడు. ఒకవేళ తమ ద్వీపము శత్రువశమైనను, సముద్రములకు ఆవల నున్న తమ సామ్రాజ్యము పోరు సాగించుననియు, దైవము తలచిన వేళకు నూతనప్రపంచము, అనగా అమెరికా, పాతప్రపంచమును విముక్తము చేయ వచ్చుననియు ఆయన చెప్పెను. అట్లాంటిక్ సముద్రమునకు ఈ దరి నుండి ఆ దరికి వేసిన మొదటి వంతెన అదియే. ఆ వంతెనకు స్తంభములుగా నిలువవలసిన సామ్రాజ్యము ఎవరు? అందు అధికసంఖ్యాకులము మనమే. పోరాటపు లెక్కలో మనము కలము. ఆ పోరాటము దేనికొఱకో, దాని లెక్కలో మనము కలమా యనునదే ప్రశ్న.

ఆ పిమ్మట రెండు దేశముల చెలిమి త్వరత్వరగా పెరిగెను. 1940 ఆగస్టు 20వ తేదీ ప్రసంగములో అట్లాంటిక్ సముద్రమునకు ఆవల నున్న బ్రిటిషు భూభాగములలోని స్థావరములను అమెరికాకు తొంబదితొమ్మిది సంవత్సరముల కౌలుకిచ్చు సంగతి తెల్పుచు, ఈ రెండు రాజ్యముల వ్యవహారములు ఇక కొంత కలగలిసిపోవుననియు, ఆ ప్రవాహము మిసిసిపీ నదివలె ఎవరికిని ఆగదనియు చర్చిల్ పలికెను. సెప్టెంబరులో ఏబది యుద్ధనౌకలు చేతులు మాఱినవి. 1941 డిసెంబరు 26వ తేదీన, పెరల్ హార్బరు దాడి జరిగిన పందొమ్మిది దినములకు, ఆయన అమెరికా శాసనసభల యెదుట నిలిచెను. ఆయన తల్లి బ్రుక్లిన్‌లో పుట్టిన అమెరికా ఆడపడుచు. తన తండ్రి అమెరికావాడును, తల్లి ఇంగ్లీషుదియునై యుండినచో తాను ఎవరి పిలుపును లేకయే ఆ సభలో సభ్యుడనై యుందునేమో యని పలికి సభికులను నవ్వించెను. రెండు దేశముల మైత్రిని చుట్టఱికముగా మార్చి చూపుట ఆయన నేర్పు.

ఇక అసలు దస్తావేజునకు వత్తము. 1941 ఆగస్టులో న్యూఫౌండ్లాండు తీరమున ప్లసెన్షియా అఖాతమునందు రెండు యుద్ధనౌకలపై చర్చిల్, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కలిసికొనిరి. ఆగస్టు 14వ తేదీన ఎనిమిది అంశముల ప్రకటన వెలువడెను. దానినే లోకము అట్లాంటిక్ ఛార్టరు అన్నది. మూడవ అంశము ముఖ్యము. తాము ఎట్టి ప్రభుత్వము క్రింద జీవింపవలెనో నిర్ణయించుకొను హక్కు ప్రజలందఱికిని కలదని తాము గౌరవించుచున్నామనియు, బలాత్కారముగా స్వపరిపాలన కోల్పోయిన వారికి అది మఱల లభింపవలెనని తాము కోరుచున్నామనియు దాని తాత్పర్యము. ఇక్కడ “అందఱు” అను మాట కలదు. “ఐరోపా” అను మాట లేదు. “బ్రిటిషు సామ్రాజ్యము మినహా” అను మాటయు లేదు.

ఈ ప్రకటన చదివిన పరాధీనజాతు లన్నిటికిని గుండె కొట్టుకొన్నది. చర్చిల్ మంత్రివర్గములోనే యున్న అట్లీ, లండనులో పశ్చిమాఫ్రికా విద్యార్థులతో మాటాడుచు, ఇది అన్ని జాతులకును వర్తించునని చెప్పెను. అప్పుడు పార్లమెంటులో ప్రశ్న వచ్చెను. సెప్టెంబరు 9వ తేదీన చర్చిల్ సమాధానమిచ్చెను: ఆ నౌకపై తమ మనస్సులలో ప్రధానముగా నుండినది నాజీల కాడిక్రింద నలుగుచున్న ఐరోపా రాజ్యముల పునరుద్ధరణమనియు, బ్రిటిషు కిరీటమునకు లోబడిన దేశములలో స్వపరిపాలన క్రమక్రమముగా వికసించుట వేఱు సమస్యయనియు, ఇండియా, బర్మాలను గూర్చి అంతకుముందు చేసిన ప్రకటనలు ఉన్నవి ఉన్నట్లే నిలుచుననియు. ప్రకటనకు సమాధానమునకు నడుమ ఇరువదియాఱు దినములు.

నేను కోర్టులలో దస్తావేజులు చదివి బ్రతుకువాడను. మా వృత్తిలో కొన్ని మోటు సూత్రములు కలవు. పత్రములో “నా పిల్లలందఱికి” అని వ్రాసి రిజిష్టరు చేసిన పిమ్మట, “అందఱనగా పెద్దకొడుకని నా మనస్సులో నుండెను” అని చెప్పిన తండ్రి మాటను ఏ మునసబును అంగీకరింపడు. మనస్సులోని మినహాయింపునకు విలువ లేదు. కాగితముపై నున్నదే చెల్లును. మాటలో సందేహమున్నచో, ఆ సందేహపు నష్టము దానిని వ్రాసినవానిదే కాని, నమ్మినవానిది కాదు. ఈ సూత్రములను మనకు నేర్పినది ఇంగ్లీషు న్యాయశాస్త్రమే. గురువుల పాఠమునే గురువులకు అప్పజెప్పుట అవినయము కాదు.

ఇందొక చమత్కారము కలదు. ఆ ఛార్టరునకు చేవ్రాళ్లతో కూడిన అసలు ప్రతి లేదు. తంతి ద్వారా పంపిన పత్రికాప్రకటనయే అది. ఈ సంగతిని 1944 డిసెంబరులో రూజ్‌వెల్టే విలేఖరులతో ఒప్పుకొనెను. సంతకము లేని పత్రము చెల్లదందురేమో! కాని 1942 జనవరి 1వ తేదీనాటి సంయుక్తరాజ్యసమితి ప్రకటనలో ఇరువదియాఱు దేశములు ఆ ఛార్టరు సూత్రములను తమవిగా అంగీకరించి సంతకములు చేసినవి. అందు ఇండియా పేరును కలదు. గిరిజాశంకర్ వాజపేయి మన దేశము పక్షమున సంతకము చేసెను. మనకు వర్తింపదని చెప్పిన హక్కునకు మనచేతనే సాక్షిసంతకము చేయించిరి! ఆ ఫిబ్రవరి 23వ తేదీన రూజ్‌వెల్ట్ రేడియోలో మాటాడుచు, ఈ ఛార్టరు అట్లాంటిక్ తీరములకే కాక యావత్ప్రపంచమునకు వర్తించునని చెప్పెను. ఒకే పత్రమునకు ఇద్దఱు కర్తలు, రెండు భాష్యములు. అయినను ఢిల్లీ పాలన నడచినది ఒక భాష్యముననుసరించియే.

క్రిప్స్ రాయబారము 1942 ఏప్రిలులో విఫలమయ్యెను. జూలై 1వ తేదీన గాంధీజీ రూజ్‌వెల్టునకు లేఖ వ్రాసెను. ఇండియాయు ఆఫ్రికాయు బ్రిటను దోపిడికి గురియగుచున్నంతకాలమును, అమెరికా ఇంటిలోనే నీగ్రోల సమస్య యున్నంతకాలమును, స్వేచ్ఛకొఱకు పోరాడుచున్నామను మాట డొల్లగా వినిపించునని అందు చెప్పెను. ఆగస్టు 8వ తేదీన బొంబాయిలో తీర్మానమయ్యెను. తెల్లవాఱునప్పటికి నాయకులు నిర్బంధితులైరి. మన పట్టాభి సీతారామయ్యగారును కార్యవర్గముతో పాటు అహమదునగరు కోటకు పోయిరి. 12వ తేదీన తెనాలిలో పోలీసులు కాల్పులు జరిపిరి. నేలకొరిగిన యేడుగురి స్మారకము నేడును ఆ పట్టణమున రణరంగచౌకులో నిలిచియున్నది. అటుపిమ్మట రెండు దినములకే ఛార్టరునకు ప్రథమ వార్షికదినము వచ్చెను. ఆ సందర్భమున రూజ్‌వెల్ట్ చర్చిల్‌కు సందేశము పంపి, ఆ సూత్రములను మఱల ఉద్ఘాటించెను. తెనాలివీధిలో నెత్తుఱు ఆఱకమునుపే ఆ సందేశము పత్రికలకెక్కెను.

ఆ నవంబరు 10వ తేదీన లండను మేయరు విందులో చర్చిల్ తన మనస్సును దాచక చెప్పెను: బ్రిటిషు సామ్రాజ్యమును దివాలా తీయించు కార్యక్రమమునకు అధ్యక్షత వహించుటకై తాను రాజునకు ప్రథమమంత్రిని కాలేదనెను. కపటము లేని మాట. అందులకైనను మనము మెచ్చుకొనవచ్చును. తీపిమాటతో ద్వారము మూయువానికంటె, మూయుచున్నానని చెప్పి మూయువాడు మేలు.

1943 సెప్టెంబరు 6వ తేదీన హార్వర్డు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవపట్టము నిచ్చెను. ఆనాటి ప్రసంగము నిజముగా రమ్యమైనది. రెండు జాతులకు ఒకే భాష యుండుట అమూల్యమైన వారసత్వమనియు, అది యొకనాటికి ఉమ్మడి పౌరసత్వమునకు పునాది కావచ్చుననియు, రాబోవు సామ్రాజ్యములు మనస్సు యొక్క సామ్రాజ్యములనియు, గొప్పతనమునకు చెల్లింపవలసిన వెల బాధ్యత యనియు ఉపదేశించెను. ఆ మాసమున కలకత్తా పేవుమెంట్లపై జనము గంజికొఱకు ఏడ్చుచు చచ్చుచుండిరి. వంగదేశపు కరవులో మరణించినవారు పదునైదు లక్షలని ప్రభుత్వ విచారణసంఘము లెక్క; ముప్పది లక్షలని తరువాతివారి లెక్క. కరవునకు కారణములు పెక్కు. బర్మా బియ్యము ఆగిపోవుట, తుపాను, వర్తకుల దాపరికము, ప్రభుత్వపు అశ్రద్ధ. నేను ఒక్కని తలపైననే దానిని మోపను. కాని గొప్పతనమునకు వెల బాధ్యతయే యైనచో, ఆ వెలను ఎవరు చెల్లించిరను ప్రశ్న ఆ హార్వర్డు మందిరమున ఎవరికిని తోచలేదు.

1946 మార్చి 5వ తేదీన మిస్సూరి రాష్ట్రమందలి ఫుల్టను పట్టణమున, అధ్యక్షుడు ట్రూమను సమక్షమున, చర్చిల్ తన సుప్రసిద్ధ ప్రసంగము చేసెను. అప్పటికాయన ప్రతిపక్షనాయకుడు మాత్రమే. ఐరోపా నడుమ ఇనుపతెర దిగినదని లోకము జ్ఞాపకముంచుకొన్నది ఆ ప్రసంగమునందలి మాటయే. ఆంగ్లభాషీయుల సోదరబంధమును, బ్రిటనుకు అమెరికాకు నడుమ ప్రత్యేక సంబంధమును ఆయన అందు కోరెను. కాని న్యాయవాదికి అందు వేఱొక భాగము ప్రియమైనది. మాగ్నా కార్టా, హక్కుల చట్టము, హెబియస్ కార్పస్, జ్యూరీవిచారణ, ఇంగ్లీషు సామాన్యన్యాయము—ఇవి యన్నియు ప్రవహించి అమెరికా స్వాతంత్ర్యప్రకటనలో ప్రసిద్ధరూపము దాల్చినవనెను. ఏ దేశప్రజలైనను రహస్యపు ఓటుతో తమ ప్రభుత్వమును ఎన్నుకొనుటకు, మార్చుకొనుటకు అధికారము కలిగియుండవలెననెను. న్యాయస్థానములు అధికారులకు లోబడక స్వతంత్రముగా నుండవలెననెను. ఇంతకంటె చక్కగా నేనును చెప్పలేను. అయితే ఈ స్వేచ్ఛలను అమెరికాలోను, బ్రిటిషు సామ్రాజ్యమంతటను పౌరులు అనుభవించుచున్నారని కూడ అనెను. సామ్రాజ్యమంతటను!

హెబియస్ కార్పస్ సామ్రాజ్యమున ఎట్లు అనుభవింపబడెనో ఒక్క ఉదాహరణము చాలును. 1943 ఏప్రిలు 22వ తేదీన కేశవ తల్పడే కేసులో ఫెడరలుకోర్టు ప్రధానన్యాయమూర్తి మారిస్ గ్వయరు, విచారణ లేక జనులను నిర్బంధించు భారతరక్షణ నిబంధన 26వది మూలశాసనపు పరిధిని దాటినదని తీర్పు చెప్పెను. ఆయన ఇంగ్లీషువాడే. ఆ పీఠమున కూర్చుండి ఇంగ్లీషు న్యాయమునకు గౌరవము నిలిపెను. ఆఱు దినములు గడచినవి. 28వ తేదీన గవర్నరు జనరలు ఆర్డినెన్సు నొకటి జారీచేసి, ఆ నిబంధనను మొదటినుండియు చెల్లునట్లు సరిదిద్దెను. తలుపు తెఱచుకొన్న శబ్దమైనది. ఖైదీ లేచి నిలుచునంతలో మఱల తాళము పడినది.

ఇక్కడ నా మిత్రులు కొందఱు ఆక్షేపింతురు: “యుద్ధకాలపు మాటలను ఇంత గట్టిగా పట్టి చూడవచ్చునా? ముందు హిట్లరును ఓడింపనిమ్ము అనుట తప్పా?” తప్పు కాదు. ఇరువదియైదు లక్షల భారతసైనికులు ఆ పనిలో పాలుపంచుకొనిరి. ఉత్తరాఫ్రికా ఇసుకలోను, ఇటలీలో కసీనో కొండలపైనను వారి సమాధులున్నవి. కాని ప్రాణమిచ్చుటకు పిలిచినప్పుడు “అందఱు” అను మాటలో ఉన్నవారు, ఫలము పంచునప్పుడు ఆ మాటనుండి జారిపోయిరి. నా అభియోగమంతయు ఇంతే.

అయినచో ఆ మాట వ్యర్థమైనదా? కాలేదు. నా ప్రసంగమునకు ప్రాణమిది. పలికినవాని చేయి దాటిన మాట విన్నవారి సొత్తగును. 1943 డిసెంబరులో దక్షిణాఫ్రికా నల్లజాతి నాయకులు ఆఫ్రికను నేషనల్ కాంగ్రెసు పక్షమున ఆ ఛార్టరును అంశము వెంట అంశముగా తీసికొని, ఆఫ్రికావాని దృష్టితో దానికి భాష్యము వ్రాసి, తమ హక్కుల పత్రముగా అంగీకరించిరి. చర్చిల్ ఇచ్చిన భాష్యమును వారు అంగీకరింపలేదు. ఆయన వ్రాసిన వాక్యమును మాత్రము విడువలేదు. 1945 సెప్టెంబరు 2వ తేదీన హనాయిలో హో చి మిన్ తన దేశస్వాతంత్ర్యమును అమెరికా స్వాతంత్ర్యప్రకటనలోని వాక్యముతోనే ఆరంభించెను.

తుదకు 1960 డిసెంబరు 14వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభలో వలసపాలనను అంతము చేయవలెనను 1514వ తీర్మానము వచ్చెను. స్వయంనిర్ణయాధికారము ప్రజలందఱికిని కలదని అందు స్పష్టముగా వ్రాసిరి. అనుకూలముగా ఎనుబదితొమ్మిది దేశములు. ప్రతికూలముగా ఒక్కటియు లేదు. తటస్థముగా నున్నవి తొమ్మిది. ఆ తొమ్మిదింటిలో బ్రిటను, అమెరికా యుండెను. 1941లో నౌకపై ఆ మాటను వ్రాసిన రెండు దేశములే, లోకము దానిని నిజమని నమ్మి ముందునకు తెచ్చినప్పుడు చేయి యెత్తలేదు!

అట్లాంటిక్ కూటమి చరిత్రలో ఇదియొక్కటే కాదు. 1949 ఏప్రిలు 4వ తేదీన పండ్రెండు దేశములు వాషింగ్టనులో సంధి చేసికొని, ప్రజాస్వామ్యము, వ్యక్తిస్వాతంత్ర్యము, చట్టపాలనము తమ పునాదులని పీఠికలో వ్రాసిరి. ఆ పండ్రెండింటిలో సలజారు నియంతృత్వమున నున్న పోర్చుగలు కలదు. గోవా అప్పుడు వారి చేతనే యుండెను. ఫ్రాన్సు ఏలుచున్న అల్జీరియాను సంధి రక్షణలో ఆఱవ అధికరణముననే చేర్చిరి. 2021 జూన్ 10వ తేదీన అధ్యక్షుడు బైడెను, ప్రధాని జాన్సను కార్న్‌వాలు తీరమున నూతన అట్లాంటిక్ ఛార్టరుపై సంతకములు చేసిరి. ఈ పర్యాయము సంతకములు నిజముగానే యుండెను. ఆ సంతకములకు అర్థము ఎంతయో, మనవంటివారు ఆ పత్రమును చేతపట్టుకొని అడుగుచున్నంతవఱకే.

సోదరులారా! ఇంతవఱకు పరుల దస్తావేజును చదివితిని. ఇక మన దస్తావేజు. మన రాజ్యాంగపీఠికలోను పౌరులందఱికని వ్రాసికొంటిమి. 1976 ఏప్రిలు 28వ తేదీన, అత్యవసర పరిస్థితికాలమున, మన సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో, నిర్బంధితుడు హెబియస్ కార్పస్ కోరి కోర్టుకు రాజాలడని తీర్పు చెప్పెను. న్యాయమూర్తి ఖన్నా ఒక్కడే కాదనెను. తేదీని గమనించితిరా? గవర్నరు జనరలు ఆర్డినెన్సు వెలువడిన దినమే, సరిగా ముప్పదిమూడేండ్లకు. ఈమాఱు తాళము వేసినవాడు చర్చిల్ కాదు, వైస్రాయియు కాదు. ఆ తీర్పును తప్పని మన సుప్రీంకోర్టే కొట్టివేయుటకు 2017వఱకు పట్టెను. కావున “అందఱు” అని వ్రాసి, మనస్సులో మినహాయింపు దాచుకొనుట ఒక్క జాతికి చెందిన గుణము కాదు. అధికారము చేతికి వచ్చిన ప్రతివానికిని కలుగు వ్యాధి యది.

1949 అక్టోబరు 13వ తేదీన జవహరులాలు నెహ్రూ అమెరికా ప్రతినిధిసభలో మాటాడుచు, స్వేచ్ఛకు ముప్పు వాటిల్లినచోట, న్యాయమునకు భంగము కలిగినచోట మనము తటస్థులముగా నుండజాలమని చెప్పెను. చర్చిల్ నిలిచి నవ్వించిన ఆ నగరముననే, చర్చిల్ ప్రభుత్వము చెఱలో నుంచిన వ్యక్తి ఆ మాట చెప్పెను. అదియును మనము వ్రాసియిచ్చిన దస్తావేజే. లోకము దానిని మన యెదుట పెట్టి అడిగినప్పుడు మనకును కోపము రాగూడదు.

ఇక నా తీర్పు. పుస్తకమును తీసివేయవలదు. ఋణపత్రమును చించివేయునది ఋణగ్రస్తుడు. రావలసినవాడు దానిని పెట్టెలో భద్రపఱచుకొనును. పిల్లలు ఫుల్టను ప్రసంగమును చదువనిండు, హార్వర్డు ప్రసంగమును చదువనిండు; గొంతెత్తి చదువనిండు. కాని ఆ పుస్తకములోనే 1941 సెప్టెంబరు 9వ తేదీ సమాధానమును, తల్పడే తీర్పును, 1976 నాటి తీర్పును అచ్చువేసి అంటింతము. ఆ కాగితముల వెల నేను చెల్లింతును. ప్రసంగము అప్పజెప్పిన ప్రతి విద్యార్థిని పరీక్షకులు తుదను ఒక్క ప్రశ్న యడుగవలెను: ఇందలి “అందఱు” ఎవరు? బాగుగా జవాబిచ్చినవానికే బహుమానము.

మా తాతగారికి ఆనాడు నేను చెప్పలేని జవాబు ఈనాడు చెప్పుచున్నాను: “తాతయ్యా, ఆయన మనస్సులో నీవు లేవు. కాని ఆయన వాక్యములో ఉన్నావు. నీవు చెఱసాలకు పోయినది ఆ వాక్యమును నిజము చేయుటకే.” ఆయన ఇప్పుడు లేరు. వినుటకు మీరున్నారు.

సెలవు.